తీరం మొక్కల సుగంధ నూనెలు: మొగలి, తులసి, వట్టివేరు, ఇలకూరల్లో ఎవరికి ఏది?

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మన తీరం వెంట వాసన ఉన్న మొక్కలకు కరువు లేదు. దిబ్బల మీద మొగలి పొదలు, వాగు గట్ల మీద వట్టివేరు, జీడితోటల అంచుల్లో కుక్కతులసి, నౌపడా వైపు ఉప్పు నేలల్లో ఇలకూర. ఇలాంటి మొక్కల నుంచి తీసిన సుగంధ నూనెల్లో యాంటీఆక్సిడెంట్ గుణం, అంటే కొవ్వులూ కణాలూ ఆక్సీకరణతో పాడవకుండా ఆపే గుణం, ఉందని చదివి, ఏది ఎంచుకోవాలో తేలక ఆగిపోతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మొక్క వెతుక్కునే పిల్లలు ఉన్నారు. జంతికలు, చేగోడీలు చేసి అమ్ముకుంటూ సరుకు నాలుగు రోజులు ఎక్కువ నిలవాలని చూసేవాళ్లు ఉన్నారు. నూనె తీసే చిన్న భట్టీ పెడితే గిట్టుబాటు అవుతుందా అని లెక్కలు వేసుకునే రైతులు, డ్వాక్రా సంఘాలు ఉన్నాయి. ఒంటికి మంచిదని సీసా కొని చుక్కలు లెక్కపెట్టుకుని తాగుతున్నవాళ్లూ ఉన్నారు. నాకు బాగా ఆందోళన కలిగించేది ఈ చివరివాళ్లే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తినడానికైతే ఆకు, నూనె అవసరమైన పనికైతే యూజినాల్ (లవంగం వాసననిచ్చే పదార్థం) ఎక్కువగా ఉన్న తులసి, అమ్మకానికైతే మొగలి లేదా వట్టివేరు. తాగడానికి మాత్రం వీటిలో ఏ నూనే పనికిరాదు. ఎందుకో తెలియాలంటే ముందు కొలబద్దలు చూడాలి.

## ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆకులో ఉన్నదంతా నూనెలోకి రాదు. ఆకును నీళ్లలో మరిగించి ఆవిరిని చల్లార్చినప్పుడు ఆవిరితో పాటు ఎగిరి రాగలిగే చిన్న అణువులే నూనెలో చేరతాయి. విటమిన్ సి, ఫ్లేవనాయిడ్లు, టానిన్లు, కెరోటిన్, ఎర్రటి రంగు పదార్థాలు, ఇవన్నీ అడుగున ఉడికిన ఆకులోనో ఆ నీళ్లలోనో ఉండిపోతాయి. కరివేపాకునే తీసుకోండి. దాని యాంటీఆక్సిడెంట్ గుణానికి బాగా పేరొచ్చింది కార్బజోల్ ఆల్కలాయిడ్ల వల్ల. అవి బరువైన అణువులు, ఆవిరిలో రావు. కరివేపాకు సుగంధ నూనెలో వచ్చేవి పైనీన్, సాబినీన్, కారియోఫిలీన్ లాంటి వాసన పదార్థాలు. ఆకు గురించి రాసిన గొప్పలను నూనె సీసా మీద అచ్చువేస్తే కొనేవాడు మోసపోయినట్టే.

రెండోది, వచ్చిన ఆ చిన్న అణువుల్లో ఫీనాల్ ఉందా? బెంజీన్ వలయానికి నేరుగా అతుక్కున్న ఓహెచ్ గుంపు ఉంటే, ఆ అణువు తన హైడ్రోజన్‌ను ఫ్రీ రాడికల్‌కు, అంటే పక్క అణువులను పాడుచేసే చురుకైన అణువుకు, ఇచ్చేసి దాన్ని శాంతపరుస్తుంది. లవంగంలోనూ తులసిలోనూ ఉండే యూజినాల్, వాములోని థైమాల్, వామాకులోని కార్వాక్రాల్ ఈ కోవలోవి. సుగంధ నూనెల్లో పరీక్షలకు గట్టిగా నిలబడేవి చాలావరకు ఇవే. పైనీన్, కాంఫీన్, లిమోనీన్ లాంటివి వాసనకు బాగుంటాయి గానీ ఈ పనిలో బలహీనం. గామా టెర్పినీన్ లాంటి కొన్నింటిది వేరే దారి. అవి కొవ్వులు పాడయ్యే గొలుసును మధ్యలో తెంపుతాయి కాబట్టి, సాధారణ పరీక్షలో తక్కువగా కనిపించినా నూనె నిల్వ పరీక్షలో కొంచెం మెరుగ్గా కనిపిస్తాయి.

మూడోది, పరీక్ష ఏది, కొలత ఏది? ఎక్కువమంది చేసేది డీపీపీహెచ్ పరీక్ష. ముదురు ఊదా రంగులో ఉండే ఆ ద్రావణంలో నూనె కలిపి చీకట్లో అరగంట ఉంచుతారు. మంచి యాంటీఆక్సిడెంట్ ఉంటే ఊదా రంగు విరిగి పసుపుకు దిగుతుంది. 517 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్‌లో ఆ తగ్గుదలను కొలుస్తారు. రంగును సగానికి తగ్గించడానికి కావలసిన మోతాదు ఐసీ50. ఈ అంకె ఎంత చిన్నదైతే బలం అంత ఎక్కువ. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఒక పేపర్‌లో ఐసీ50 12 అని, ఇంకోదానిలో 9 అని చూసి రెండోదే బలమైనదని రాసేస్తారు. మొదటిది మైక్రోగ్రాముల్లో, రెండోది మిల్లీగ్రాముల్లో ఉంటే రెండోది మొదటిదానికన్నా 750 రెట్లు బలహీనం. కాబట్టి అంకె పక్కన ఉన్న యూనిట్ చదవకుండా పోలిక పెట్టకండి.

పరీక్ష గొట్టంలో రంగు మారినంత మాత్రాన మన రక్తంలోనూ అదే జరుగుతుందని కాదు. ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ బలాన్ని ఓరాక్ అంకెలుగా ప్రచురించిన అమెరికా వ్యవసాయ శాఖ, ఆ అంకెలకు మనిషి ఆరోగ్యంతో సంబంధం రుజువు కాలేదనీ, వ్యాపారులు వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నారనీ 2012లో ఆ పట్టికనే తీసేసింది. సీసా మీద పెద్ద అంకె కనిపించినప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

మిగిలిన కొలబద్దలు సూటిగా చెప్పుకోవచ్చు: మొక్క నిజంగా తినేదేనా, కిలో ఆకుకు ఎంత నూనె వస్తుంది, నోటికి చర్మానికి ఎంతవరకు భద్రం, ఆ మొక్కను తీస్తే మన ఇసుక దిబ్బకు ఏమవుతుంది.

## ఒక్క చూపులో

| మొక్క | తినే భాగం | నూనెలో ముఖ్యమైనది | నూనెగా యాంటీఆక్సిడెంట్ బలం | నూనె దిగుబడి | దేనికి పనికొస్తుంది |
|---|---|---|---|---|---|
| మొగలి | మగ పువ్వు, వాసన నీటి రూపంలో | ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్, టెర్పినెన్-4-ఆల్ | తక్కువ | చాలా తక్కువ, ధర ఎక్కువ | సుగంధం, మిఠాయిలు, అమ్మకం |
| కృష్ణ తులసి, రామ తులసి | ఆకు | యూజినాల్ (రకాన్ని బట్టి మారుతుంది) | బలంగా ఉంటుంది | పచ్చాకులో అర శాతం లోపు | నూనెల నిల్వ, ప్రాజెక్టులు |
| కుక్కతులసి | ఆకు, గింజ | సిట్రాల్ లేదా కర్పూరం లేదా ఇంకేదైనా | మొక్క మొక్కకూ తేడా | తక్కువ | పరిశోధన |
| వామాకు | ఆకు | కార్వాక్రాల్, థైమాల్ | బలంగా ఉంటుంది | పచ్చాకులో బాగా తక్కువ | వంట (ఆకుగానే) |
| వట్టివేరు | వేరు, నీటికి వాసన కోసం | వెటివోన్‌లు, ఇతర సెస్క్విటెర్పీన్‌లు | మధ్యస్థం | ఎండు వేరులో ఒక శాతం చుట్టూ లేదా తక్కువ | అమ్మకం, గట్ల రక్షణ |
| ఇలకూర, వంగరెడ్డికూర | లేత కొమ్మ, ఆకు | పైనీన్, కాంఫీన్ లాంటివి కొద్దిగా | చెప్పుకోదగ్గది కాదు | నామమాత్రం | పప్పు, కూర |

తులసి, వామాకు అచ్చంగా తీరపు అడవి మొక్కలు కావు, పెరటి మొక్కలు. వాటిని ఈ పట్టికలో పెట్టింది కొలబద్దగా. మిగతావాటి నూనె బలం ఎంతో తెలియాలంటే బలమైనది ఒకటి పక్కన ఉండాలి.

## మొగలి: వాసనలో రాణి

మొగలి పువ్వు అంటే మనకు తెలియనిదేముంది. రేకు ఒకటి బీరువాలో చీరల మధ్య పెడితే నెలల తరబడి వాసన. శివపూజకు పనికిరాని పువ్వని ఇళ్లలో చెప్పుకుంటారు. పొదలో పాముంటుందన్న భయం ఎలాగూ ఉంది. ఆకుకు రెండు అంచుల వెంటా, వెనకవైపు నడిమి ఈనె వెంటా ముళ్లుంటాయి. అందుకే పువ్వు కోసేవాళ్లు పొడవాటి కర్రకు కొక్కెం కట్టుకుని తెల్లవారకముందే వెళ్తారు. ఎండ ఎక్కేకొద్దీ వాసన దిగిపోతుంది.

మొగలిలో ఆడ చెట్టు, మగ చెట్టు వేరు. అనాసలా గుండ్రటి కాయ కాసేది ఆడది, దానికి ఈ వాసన ఉండదు. పూత ప్రధానంగా వానాకాలంలో వస్తుంది. ఇచ్ఛాపురం దాటగానే మొదలయ్యే ఒడిశాలోని గంజాం జిల్లా దేశంలో మొగలి నూనెకు కేంద్రం. అక్కడి మొగలి పువ్వుకూ నూనెకూ భౌగోళిక గుర్తింపు ఉంది. రాగి డేగిశాలో పువ్వులూ నీళ్లూ పోసి, మూతకు మట్టి మెత్తి, వెదురు గొట్టం గుండా ఆవిరిని రెండో పాత్రలోకి తీసుకెళ్లే పాత పద్ధతి అక్కడ ఇంకా నడుస్తోంది.

యాంటీఆక్సిడెంట్ సంగతికొస్తే, మొగలి నూనెలో సగానికి పైగా ఉండేది ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. పేరులో ఫినైల్ ఉందని ఫీనాల్ అనుకోకండి. ఇందులో ఓహెచ్ గుంపు లేదు, కాబట్టి ఇచ్చేందుకు తేలికగా ఊడే హైడ్రోజన్ కూడా లేదు. టెర్పినెన్-4-ఆల్‌లో ఓహెచ్ ఉంది గానీ అది వలయపు ఫీనాల్ రకం కాదు. కాబట్టి మొగలిని యాంటీఆక్సిడెంట్ అని చెప్పి అమ్మడం నాకు సరిగా తోచదు. ఆ వాసనకు వేరే గొప్పలు అక్కర్లేదు.

కొనేటప్పుడు ఒక సంగతి గమనించండి. మొగలి నూనె, మొగలి అత్తరు, మొగలి నీరు మూడు వేర్వేరు సరుకులు. అత్తరును గంధపు నూనెలోనో, ఈ మధ్య ఎక్కువగా లిక్విడ్ పారాఫిన్‌లోనో పడతారు. పారాఫిన్ అత్తరును మిఠాయిలో వేయకూడదు. వంటకైతే ఆహారానికి పనికొస్తుందని లేబుల్ మీద రాసి ఉన్న మొగలి నీరు మాత్రమే తీసుకోండి. దుకాణాల్లో దొరికే చవక ఎసెన్సుల్లో చాలావరకు పువ్వు ముఖం చూడనివి.

## తులసులు: ఒకే ఇంటి పేరు, వేర్వేరు నూనెలు

నూనెగా నిజమైన బలం కావాలంటే చూడాల్సింది ఇక్కడే. అయితే తులసి అన్న ఒక్క మాట సరిపోదు. తులసిలో కొన్ని మొక్కల నూనె నిండా యూజినాల్ ఉంటుంది. మరికొన్నింటిలో దాని బదులు మిథైల్ యూజినాల్ ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకటే తులసి, కోటలో పెట్టి దండం పెట్టుకునేదే. కానీ యూజినాల్‌లోని ఓహెచ్ హైడ్రోజన్ స్థానంలో మిథైల్ గుంపు వచ్చి కూర్చోగానే రెండు మార్పులు జరుగుతాయి. యాంటీఆక్సిడెంట్ బలం పడిపోతుంది. పైగా అనుమానించాల్సిన పదార్థం అవుతుంది: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో మిథైల్ యూజినాల్‌ను మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవాటి 2ఏ వర్గంలో చేర్చింది. వంటలో నాలుగు ఆకులు వేసుకునేవాళ్లు దీనికి భయపడాల్సిన పనిలేదు. వందల ఆకుల సారాన్ని ఒక చెంచాలోకి దించి వాడేవాళ్లు మాత్రం ఆలోచించాలి.

మిథైల్ యూజినాల్ మన మామిడి రైతులకు కొత్త కాదు. విజయనగరం వైపు సువర్ణరేఖ తోటల్లో పండు ఈగ కోసం వేలాడదీసే బుట్టల్లో, మందులో నానబెట్టిన ప్లైవుడ్ ముక్క ఉంటుంది కదా. మగ ఈగల్ని రప్పించే ఎర అందులోని మిథైల్ యూజినాలే. పూత మీదున్న తులసి చుట్టూ మామిడి కాలంలో ఈగలు ముసురుతున్నాయంటే ఆ మొక్కలో ఇది ఉండొచ్చని ఒక సూచన. ఖాయంగా తేల్చేది నూనెలోని పదార్థాలను విడదీసి చూపే జీసీ-ఎంఎస్ పరీక్షే.

సాగు చేయాలనుకుంటే రకం తెలిసిన నారు తీసుకోవడమే దారి. లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ విడుదల చేసిన సిమ్-ఆయు యూజినాల్ ఎక్కువగా ఉండే రకం, సిమ్-కంచన్ మిథైల్ యూజినాల్ వైపుది. నర్సరీలో తులసి నారు అని అడిగి తెచ్చుకుంటే ఏది వచ్చిందో మీకూ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు.

ఇక కుక్కతులసి. రోడ్డు పక్కన, ఇసుక పొలాల గట్ల మీద తనంతట తానే మొలిచేది. పోలికలో నాకు బాగా ఆసక్తి ఉన్న మొక్క ఇదే. దీని ఆకు రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. ఒకచోట నిమ్మకాయ తొక్కలా గుప్పుమంటుంది, అందులో సిట్రాల్ ఎక్కువ. ఇంకో ఊళ్లో అదే మొక్క కర్పూరం వాసన కొడుతుంది. మరోచోట లవంగం జాడ తగులుతుంది. మొక్క ఒకటే, రసాయనం వేరు. వేరే రాష్ట్రంలో ఎవరో చేసిన పరీక్షలో వచ్చిన ఐసీ50ని మన కవిటి ఇసుకలో పెరిగిన మొక్కకు అంటగట్టకూడదు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. కర్పూరం వాసన వచ్చే రకం నూనె పిల్లల దగ్గరకు రానివ్వకండి. కర్పూరం కడుపులోకి పోతే చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తాయి.

మధ్యధరా సముద్ర తీరంలో రాతి గట్ల మీద పెరిగే సీ ఫెన్నెల్ మీద యూరప్‌లో చాలా పని జరిగింది. దాని ఆకును అక్కడివాళ్లు పచ్చడి పెట్టుకుంటారు, నూనెలో లిమోనీన్, గామా టెర్పినీన్, సాబినీన్ లాంటివి ప్రాంతాన్ని బట్టి మారుతూ కనిపిస్తాయి. తీరపు మొక్కల నూనెలు అని వెతికితే ముందుగా వచ్చే పేపర్లు ఎక్కువగా దాని గురించే. ఆ అంకెలు ఆ మొక్కవి, ఆ నేలవి.

## వామాకు, వట్టివేరు

వామాకు గురించి చెప్పాల్సింది తక్కువ. కార్వాక్రాల్, థైమాల్ పుష్కలం, పరీక్షలో ఊదా రంగును చకచకా విరిచేస్తుంది. కానీ ఆకులో నీరే ఎక్కువ, కిలోల కొద్దీ ఆకు పెడితే నాలుగు చుక్కలు. ఆ నూనె చర్మానికి తగిలితే మంట. బజ్జీ వేసుకోవడానికో, దగ్గుకు రసం తీసుకోవడానికో కుండీలో ఉంచుకోండి చాలు.

వట్టివేరు కథ వేరు. వేసవిలో వట్టివేళ్ల తడికెలు, కుండనీళ్లలో నాలుగు వేళ్లు మనకు అలవాటైన వాడుక. నూనె చిక్కగా, గోధుమరంగులో ఉంటుంది. అణువులు బరువైనవి కాబట్టి తులసిలా రెండు మూడు గంటల్లో దిగదు, రోజంతా మంట పెట్టాలి. పరీక్షల్లో ఈ నూనె పైనీన్ రకాల కన్నా మెరుగ్గా, యూజినాల్ కన్నా వెనకగా ఉంటుంది. పరిమళ ద్రవ్యాల్లో అడుగు వాసన పట్టి ఉంచే గుణం దీని అసలు విలువ.

దీన్ని ఎంచుకునేవాళ్లు ఒకటి గట్టిగా ఆలోచించాలి. నూనె ఉండేది వేరులో, వేరు కావాలంటే దుబ్బును మొత్తం పెకలించాలి. నాగావళి, వంశధార గట్ల మీద మట్టిని పట్టి ఉంచేది ఇదే మొక్క. పొలంలో సాళ్లలో నాటి ఏడాదిన్నరకు తవ్వుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఏటి గట్టు మీదిది తవ్వితే వచ్చే వరదకు గట్టు జారుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

మొగలికి ఈ బెడద లేదు, పువ్వు కోస్తే పొద చావదు. కానీ పువ్వు అందడం కోసం పొదల్ని నరికి దారులు చేసేవాళ్లూ ఉన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లకు తీరంలో గాలికి అడ్డు నిలిచే ప్రతి పొద విలువా తెలుసు.

## ఇలకూర, వంగరెడ్డికూర: నూనె వద్దు, పప్పు వండండి

ఉప్పునేలల్లో సూదుల్లాంటి దళసరి ఆకులతో పెరిగేది ఇలకూర, శాస్త్రీయ నామం సుయేడా మారిటిమా. ఇసుకలో పాకుతూ, కండ పట్టిన ఆకులతో గులాబీ పూలు పూసేది వంగరెడ్డికూర, అంటే సెసూవియం. ఊరూరికీ ఈ పేర్లు మారతాయి కాబట్టి తెలిసిన పెద్దవాళ్ల చేత గుర్తుపట్టించుకునే కోయండి.

సెసూవియం నూనె మీద 2006లో ఒక అధ్యయనం వచ్చింది. సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం, యాంటీఆక్సిడెంట్ గుణం రెండూ కనిపించాయని రాశారు. అది ప్రయోగశాలకు సంబంధించిన ఆసక్తి. ఇంత నీరు నిండిన ఆకు నుంచి వచ్చే నూనె అతి స్వల్పం, అందులో వచ్చేవీ పైనీన్, కాంఫీన్ లాంటివే. వ్యాపారానికి లెక్క కుదరదు.

ఆకుగా చూస్తే మాత్రం సంగతి మారిపోతుంది. ఉప్పు ఎక్కువైనప్పుడు ఇలకూర కొమ్మలు ఎర్రబారతాయి. బీట్‌రూట్‌లో ఉండే బీటాసయనిన్ల కుటుంబానికి చెందిన రంగు అది, మంచి యాంటీఆక్సిడెంట్. నీళ్లలో కరుగుతుంది, ఆవిరిలో ఎగరదు. నూనె తీసేవాడికి అందదు, పప్పు తినేవాడికి అందుతుంది. అందులోనూ ఒక ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. ఈ ఆకుల్లో ఉప్పూ, కిడ్నీలో రాళ్లకు దారితీసే ఆక్సలేటూ ఎక్కువ కాబట్టి ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోసి, పప్పులో విడిగా ఉప్పు వేయకుండా వండాలి. పారబోసిన నీళ్లతో రంగు కూడా కొంత పోతుంది. పోనివ్వండి, ఉప్పు పోవడమే ముఖ్యం. రొయ్యల చెరువుల మురుగు, ఫ్యాక్టరీల నీరు చేరే చోట కోయకండి. ఈ మొక్కలు నేలలోని భారలోహాలను పీల్చుకోగలవు, కలుషిత నేలల్ని శుభ్రం చేయడానికి వీటిని పరిశీలించింది కూడా అందుకే.

వావిలిని ఈ పోలికలో చేర్చలేదు. బాలింత స్నానానికీ ఆవిరి పట్టడానికీ మంచిదే గానీ మనం తినేది కాదు.

## మీరు ఎవరు?

ఎమ్మెస్సీ విద్యార్థి అయితే కుక్కతులసి తీసుకోండి. తీరం పక్క ఊరి నుంచి ఒక నమూనా, పార్వతీపురం వైపు లోతట్టు నుంచి ఒకటి, మధ్యలోది ఒకటి. ఆకును మరిగించి నూనె తీసే క్లెవెంజర్ పరికరంలో ఒక్కోటి మూడు గంటలు. కాలేజీలో జీసీ-ఎంఎస్ లేకపోతే బయట చేయించడానికి ముందే ఖర్చు అడిగి పెట్టుకోండి, చివర్లో టెన్షన్ పడొద్దు. డీపీపీహెచ్ ఒక్కటే చేసి ఆపకండి. కొవ్వు పాడవడాన్ని కొలిచే బీటా కెరోటిన్-లినోలిక్ ఆమ్లం పరీక్ష కూడా పెట్టుకోండి, ఎందుకంటే నూనెల్లో కరిగే పదార్థాల ప్రవర్తన అక్కడే బయటపడుతుంది. పోలికకు కృత్రిమ యాంటీఆక్సిడెంట్ బీహెచ్‌టీతో పాటు స్వచ్ఛమైన యూజినాల్‌ను కూడా పక్కన నడపండి. మొక్కను ఎండబెట్టి హెర్బేరియం షీటు చేసి వృక్షశాస్త్రం వాళ్ల చేత పేరు రాయించుకోవడం మరవకండి. నలుపు తులసో కుక్కతులసో తేలకపోతే మిగతా శ్రమంతా వృథా.

పిండివంటలు అమ్మేవాళ్లయితే సీసా నూనె కొనే ముందు రెండు నిజాలు చూడండి. వేయించే వేడికి సుగంధ నూనెలో చాలా భాగం ఎగిరిపోతుంది. నిల్వ కోసం వంటనూనెల్లో కలిపే టీబీహెచ్‌క్యూ హద్దు కిలోకు 200 మిల్లీగ్రాములు. అంతే తూకం తులసి నూనె, అంటే నాలుగు చుక్కలు, కిలో నూనెలో వేసినా జంతికలకు తులసి వాసన తగులుతుంది, రక్షణ మాత్రం టీబీహెచ్‌క్యూ అంత రాదు. ఇంకా వేస్తే మందు తిన్నట్టుంటుంది. మన పెద్దలు పిండిలో కలిపిన వాములోనే థైమాల్ ఉంది, రుచీ అదే, ఖర్చూ తక్కువ. దానికి తోడు కాగిన నూనెను మళ్లీ మళ్లీ వాడకుండా, సరుకు పూర్తిగా చల్లారాక వెలుతురు తగలని గాలి చొరబడని డబ్బాలో పెడితే వచ్చే లాభం ఏ చుక్కలతోనూ రాదు. పలాస జీడిపప్పు పాత నూనె వాసన కొట్టడానికీ కారణం గాలి, వెలుతురు, వేడే.

రైతులు, సంఘాలు డేగిశా కొనడంతో మొదలుపెట్టకండి. మొగలి మీదే ఆధారపడితే భట్టీ కొన్ని వారాలు ఆడి ఏడాదిలో మిగతా కాలం ఖాళీగా ఉంటుంది. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లకు గంజాం కొనుగోలుదారులు దగ్గర కాబట్టి పువ్వుగానే అమ్మడం తేలిక. భోగాపురం, పూసపాటిరేగ వాళ్లకు దూరం వల్ల పువ్వు వాడిపోతుంది. భట్టీ తప్పదనుకుంటే దానికి ఏడాది పొడవునా మేత ఉండేలా నిమ్మగడ్డి వేయండి. నిమ్మగడ్డిని ఒకసారి నాటితే నాలుగైదేళ్లు, ఏడాదికి మూడు నాలుగు కోతలు వస్తాయి. అందులోని సిట్రాల్ యాంటీఆక్సిడెంట్‌గా గొప్పదేం కాదు, కానీ సబ్బుల, పరిమళాల పరిశ్రమ అడిగేది అదే. యూజినాల్ తులసిని వంతుల వారీగా పక్కన పెట్టుకోవచ్చు. అడవి నుంచి, ప్రభుత్వ భూమి నుంచి వ్యాపారానికి సేకరిస్తే జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది, పంచాయతీలో జీవవైవిధ్య కమిటీని ముందే అడగండి.

ఒంటికి మంచిదని తాగాలనుకునేవాళ్లకు ఒక లెక్క. యూజినాల్‌కు అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన రోజువారీ హద్దు కిలో శరీర బరువుకు 2.5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 150 మిల్లీగ్రాములు. చుక్క నూనె దాదాపు 50 మిల్లీగ్రాములు తూగుతుంది, అందులో ముప్పాతిక భాగం యూజినాల్ అయితే నాలుగు చుక్కలకే హద్దు. పది కిలోల పసివాడికి ఒక్క చుక్కే ఎక్కువ. లవంగ నూనె పొరపాటున తాగిన పసిపిల్లలకు కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అదే తులసి నాలుగు ఆకులు నమిలితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లవాళ్లు ఇది ప్రత్యేకంగా చదవాలి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష అంకె) పెరిగినవాళ్లకు ఎవరైనా మూలికల నూనె, కషాయం రక్తం శుద్ధి చేస్తుందని చెబితే దూరంగా ఉండండి. దెబ్బతిన్న కిడ్నీకి కొత్త పదార్థాన్ని బయటికి పంపడం అదనపు భారం. ఇలకూర, వంగరెడ్డికూర కూడా మీకు వద్దు, ఉప్పూ పొటాషియమూ ఆక్సలేటూ మూడూ ఇబ్బందే. ఏ ఆకు ఎంత తినవచ్చో మీ రక్త పరీక్ష చూసి కిడ్నీ డాక్టరే చెప్పాలి.

ఇక ఏ నూనె కొన్నా, తీసినా నిల్వ ఒకేలా. ముదురు గోధుమరంగు గాజుసీసా, మూతి దాకా నింపి, చల్లటి చీకటి చోట. యాంటీఆక్సిడెంట్ నూనె కూడా గాలికి పాడవుతుంది. లిమోనీన్, లినలూల్ లాంటివి గాలి తగిలి పెరాక్సైడ్లుగా మారితే చర్మానికి దురద, ఎలర్జీ తెస్తాయి. సీసా తెరిచిన తేదీ మీద రాసి పెట్టుకోండి. వాసన మారి, టర్పెంటైన్ ఘాటు కొడుతుంటే ఒంటికి రాయకండి.